తాళంచెవి ఎవరి దగ్గర?

మా నాన్నగారు తన చిన్ననాటి ముచ్చట్లు నలభై పేజీలు రాసి, 1998లో డీటీపీ సెంటరులో టైపు చేయించారు. రాతప్రతి చెదల పాలైంది. "పోతే పోయింది, కంప్యూటరు కాపీ ఉందిగా!" అని ధీమాగా ఉన్నాను. ఆయన పోయాక, నిరుడు ఆబ్దికంనాడు దాన్ని తెరిస్తే ఏముందీ? డాలరు గుర్తులూ, కామాలూ, ఇంగ్లీషు అక్షరాలూను! "మామగారు మనల్ని ఇంగ్లీషులో తిడుతున్నట్టుందేమిటండీ?" అంది మా ఆవిడ.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో తెలుగు ఫాంటులు ఇంగ్లీషు అక్షరాల ఇళ్ళల్లో అద్దెకుండేవి. ఏ తెలుగు ముక్క ఏ గదిలో ఉందో ఆ ఫాంటు చేసినవాళ్ళకే ఎరుక. ఫాంటు లేకపోతే అసలు ఇంటివాళ్ళే గుమ్మంలో కనిపిస్తారు. 1991లో యూనికోడ్ తెలుగుకు సొంతిల్లు కట్టిపెట్టింది. అందులో 'క' సంఖ్య ఏ కంప్యూటరులోనైనా 3093. ఆ కబురు మా ఊరి సెంటరుకు చేరేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

అక్షరాల గొడవ తీరినా పత్రాల గొడవ తీరలేదు. 2006లో ఓపెన్ డాక్యుమెంట్‌కు అంతర్జాతీయ ప్రమాణమన్న ముద్ర పడింది. 2008లో మైక్రోసాఫ్ట్ వారి పద్ధతికీ పడింది. ఒకే సంతలో రెండు రకాల తూకపురాళ్ళన్నమాట! ఒకదాంట్లో చక్కగా కుదిరిన పట్టిక మరోదాంట్లో చెదిరిపోతుంది.

తప్పెవరిది? పెట్టె చేసిన వడ్రంగి తన పనితనాన్ని రహస్యంగా ఉంచుకోవచ్చు, కాదనను. అది అతని కష్టం. కానీ అందులో నేను దాచుకున్న వస్తువుకు తాళంచెవి కూడా తనే ఉంచుకుంటానంటే న్యాయమేనా? పెట్టె అతనిదే కావచ్చు, మాట మాత్రం మా నాన్నగారిది.

అలాగని నేను నిర్దోషినీ కాను. పాతికేళ్ళపైగా ఆ ఫైలు ఒక్కసారీ తెరవలేదు. "దాచాం" అనుకోవడం వేరు, చదవడం వేరు. రాసినవాడి మాట రేపటివాడికి అందేలా చూడటం వడ్రంగికెంత ధర్మమో, వారసుడికీ అంతే.

చివరికి పక్కింటి కుర్రాడు ఆ ఫాంటు ఏదో కనిపెట్టి, యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చాడు. చాలావరకు వచ్చింది. కొన్ని వత్తులు రాలిపోయాయి. "అమ్మ" అన్న చోటల్లా "అమ" అని ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం మా అమ్మకు చదివి వినిపిస్తూ దిద్దుకుంటున్నాను. అర్థంకాని చోట ఆగితే, ఆ ముచ్చట ఆవిడే పూర్తిచేస్తోంది.