యూదుల భవిష్యత్తు: క్రైస్తవుల అభిప్రాయాలు – మనకు గుణపాఠం

సమస్త స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన పంపిన ప్రవక్తలందరిపై శాంతి శుభాలు వర్షించుగాక!

ఆ మధ్య జుమా నమాజు తర్వాత ఒక తండ్రి, ఇంటర్ చదువుతున్న తన కొడుకును వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చారు. "మౌలానా! వీడు పుస్తకం ముట్టడం మానేశాడు. ప్రళయం దగ్గరపడింది, ఇక చదువెందుకు అబ్బా అంటున్నాడు" అని వాపోయారు. కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని సంగతి అడిగాము. క్లాసులో ఒక క్రైస్తవ స్నేహితుడు అతనికి ఒక పటం చూపించాడట. యూదులు మళ్లీ పాలస్తీనా చేరడంతో దేవుని గడియారం కదిలిందనీ, మిగిలింది కొద్ది కాలమేననీ, చివరికి యూదులంతా యేసును ఒప్పుకుంటారనీ అందులో ఉందట. తర్వాత ఫోనులో కొందరు ముస్లిం వక్తల ప్రసంగాలు విన్నాడు. వాటిలోనూ దాదాపు అలాంటి లెక్కే ఉంది. "ఇద్దరూ ఒకే మాట చెబుతున్నప్పుడు అది నిజమే కదా మౌలానా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. అందుకే ఈ నెల దీని గురించి మాట్లాడుకుందాం. ముందుగా క్రైస్తవులు ఏమంటున్నారో న్యాయంగా తెలుసుకుందాం. ఎదుటివారి మాటను సరిగ్గా వినకుండా జవాబు చెప్పడం విశ్వాసికి తగదు.

క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు

యూదుల భవిష్యత్తు విషయంలో క్రైస్తవ లోకంలో ప్రధానంగా మూడు అభిప్రాయాలు కనిపిస్తాయి.

మొదటిది చాలా పాతది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చివేశారు. ఆ తర్వాతి కాలపు క్రైస్తవ పండితులు అనేకులు, ఇక ఇస్రాయీలు స్థానం క్రైస్తవ సంఘానిదేననీ, వాగ్దానాలన్నీ సంఘానికే సంక్రమించాయనీ బోధించారు. క్రీ.శ. 430లో మరణించిన అగస్టీన్ యూదులను చంపకూడదన్నాడు. అయితే వారు చెల్లాచెదురై బతుకుతూ, తమ గ్రంథాల ద్వారా క్రైస్తవ మతానికి సాక్షులుగా మిగలాలన్నాడు. శాపగ్రస్తులన్న ముద్ర పడిన ప్రజలకు ఐరోపాలో ఏం జరిగిందో చరిత్ర చెబుతుంది. 1290లో ఇంగ్లండు, 1492లో స్పెయిన్ వారిని వెళ్లగొట్టాయి. స్పెయిన్ నుంచి గెంటివేయబడిన యూదులలో ఎందరికో ఆశ్రయమిచ్చింది ఉస్మానియా సుల్తాను రెండవ బాయజీద్ అన్న సంగతి మనం మరువరాదు.

రెండవ అభిప్రాయానికి ఆధారం పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని 11వ అధ్యాయం. అక్కడ ఆయన ఒలీవ చెట్టు ఉపమానం చెప్పాడు. విరిచివేయబడిన కొమ్మలను దేవుడు మళ్లీ అంటుకట్టగలడనీ, అన్యజనుల సంఖ్య పూర్తయ్యాక ఇస్రాయీలు కూడా రక్షణ పొందుతుందనీ దాని భావం. అంత్యకాలంలో యూదులు పెద్ద సంఖ్యలో క్రైస్తవులవుతారని 17వ శతాబ్దపు ఇంగ్లండులో ప్యూరిటన్లు చాలామంది ఆశించారు. ఈ ఆశ నెరవేరనప్పుడు ఏమవుతుందో మార్టిన్ లూథర్ జీవితంలో చూడవచ్చు. 1523లో యూదుల పట్ల మృదువుగా రాసిన ఆయనే, వారు మతం మారకపోయేసరికి 1543లో వారి ప్రార్థనా మందిరాలను తగలబెట్టమని రాశాడు.

మూడవది, ఆ కుర్రవాడు చూసిన పటం. దీన్ని 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు రూపొందించాడు. 1909లో అమెరికాలో అచ్చయిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు దీన్ని ఇంటింటికీ చేర్చింది. దీని ప్రకారం సంఘం వేరు, ఇస్రాయీలు వేరు. యూదులు తమ భూమికి తిరిగి వస్తారు. సంఘం ఆకాశానికి ఎత్తబడుతుంది. ఏడేండ్ల శ్రమల కాలంలో క్రీస్తు విరోధి రాజ్యమేలుతాడు. జెకర్యా గ్రంథం 13వ అధ్యాయాన్ని ఆధారం చేసుకొని, ఆ కాలంలో యూదులలో మూడింట రెండు వంతుల మంది నశిస్తారనీ, మిగిలినవారు యేసును మెస్సీయగా అంగీకరిస్తారనీ ఈ వర్గపు వ్యాఖ్యాతలు పలువురు చెబుతారు.

1948లో ఇస్రాయీల్ రాజ్యం ఏర్పడి, 1967లో తూర్పు యెరూషలేము దాని చేతికి చిక్కగానే ఈ లెక్కలకు ఊపు వచ్చింది. 1970లో హాల్ లిండ్సే అనే అమెరికా రచయిత, 1948 నుంచి సుమారు 40 ఏళ్లలో అంతా జరిగిపోవచ్చని రాశాడు. ఆ పుస్తకం లక్షలాదిగా అమ్ముడుపోయింది. 1988 వచ్చింది, వెళ్లిపోయింది.

క్రైస్తవులందరూ ఈ పటాన్ని ఒప్పుకోరు. 1965లో కేథలిక్ చర్చి తన వాటికన్ మహాసభలో, యేసు మరణానికి ఆనాటి యూదులందరినీ గానీ నేటి యూదులను గానీ దోషులుగా చూడరాదని ప్రకటించింది. 2006లో యెరూషలేములోని పలువురు క్రైస్తవ మతాధిపతులు, ఇస్రాయీల్ రాజ్య విస్తరణను దైవ సంకల్పంగా చూపే సిద్ధాంతాన్ని ఖండిస్తూ ప్రకటన చేశారు. ఆ నేల మీద అణచివేతను అనుభవిస్తున్నవారిలో క్రైస్తవులూ ఉన్నారు మరి.

ఆ తప్పు మనలో లేదా?

సోదరులారా! ఈ అభిప్రాయాలను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. వీటిలో చాలావాటికి యూదుడు ఒక మనిషి కాదు, తమ కథ పూర్తి కావడానికి అవసరమైన పావు మాత్రమే. చెదిరిపోయినా, తిరిగివచ్చినా, నశించినా, మారినా అతను ఇతరుల వాదానికి సాక్ష్యంగా నిలవాలి. మూడవ అభిప్రాయం వారు యూదులను ప్రేమిస్తున్నామంటారు. కానీ ఆ ప్రేమ చివర మూడింట రెండు వంతుల మంది శవాలున్నాయి.

ఇక మన సంగతి ఆలోచిద్దాం. ఇస్రాయీలు సంతతిని ఒకచోటికి చేరుస్తామన్న భావం సూరా బనీ ఇస్రాయీల్ 104వ ఆయతులో ఉంది. ఇబ్నె కసీర్ వంటి వ్యాఖ్యాతలు దాన్ని ప్రళయదినపు సమీకరణగా వివరించారు. ఈనాటి కొందరు వక్తలు మాత్రం దాన్ని 1948కి అతికిస్తున్నారు. అలాగే గ్రంథవహులు ఈసా (అ)ను విశ్వసించడం గురించి సూరా నిసా 159వ ఆయతులో ఉంది. ఆ విశ్వాసం ఈసా (అ) మరణానికి ముందా, లేక ప్రతి గ్రంథవహుని స్వంత మరణ ఘడియలోనా అన్నదానిపై తొలితరం వ్యాఖ్యాతల నుంచే రెండు అభిప్రాయాలున్నాయి. ఉలమాలే ఆచితూచి మాట్లాడిన చోట మనం తేదీలు వేయవచ్చా?

ఈసా (అ) తిరిగి వస్తారు, దజ్జాల్ అంతమవుతాడు. ఇది ప్రామాణిక హదీసులతో రుజువైన మన విశ్వాసం, ఇందులో సందేహం లేదు. దజ్జాల్ సైన్యంతో జరిగే యుద్ధం గురించిన హదీసులూ ఉన్నాయి. అవి మనకు అందిన వార్తలే గాని, ఈనాడు ఏ యూదునిపైనైనా చెయ్యెత్తమనే ఆజ్ఞలు కావు. వార్తను ఆజ్ఞగా, విశ్వాసాన్ని కాలపట్టికగా మార్చుకున్నప్పుడు ఘోరాలు జరుగుతాయి. 1969 ఆగస్టు 21న ఒక ఆస్ట్రేలియా క్రైస్తవుడు మస్జిదె అఖ్సాకు నిప్పు పెట్టాడు. అక్కడ యూదుల దేవాలయం లేస్తే మెస్సీయ రాక త్వరపడుతుందని అతను నమ్మాడు. న్యాయస్థానం అతణ్ణి మతిస్థిమితం లేనివాడని తేల్చింది. సలాహుద్దీన్ అయ్యూబీ తెచ్చి నిలిపిన మింబర్ ఆ మంటల్లో కాలిపోయింది.

మనం కన్నీరు పెట్టుకున్నాం. కానీ పదేళ్లకే, 1979 నవంబరు 20న, మక్కా పవిత్ర హరమ్‌లో తుపాకులు పేలాయి. పేల్చినవారు ముస్లిములే. తమలో ఒకణ్ణి మహదీగా ప్రకటించి వారు హరమ్‌ను ఆక్రమించారు. సుమారు రెండు వారాలు అక్కడ రక్తం పారింది. ఆ మహదీ అనబడినవాడు కూడా అందులోనే చచ్చాడు. అల్లాహ్ గడియారాన్ని తమ చేత్తో తిప్పాలనుకున్నవారు ఏ మతంలో ఉన్నా చేసేది ఇదే!

ఖుర్ఆన్ చూపిన తూకం

దివ్యఖుర్ఆన్ ఇస్రాయీలు సంతతి అపరాధాలను దాచలేదు. వారికి దక్కిన అనుగ్రహాలనూ దాచలేదు. గ్రంథవహులందరూ ఒకేలాంటివారు కారనీ, వారిలో రాత్రివేళల్లో అల్లాహ్ ముందు నిలబడేవారున్నారనీ సూరా ఆలి ఇమ్రాన్ (113) తెలియజేస్తుంది. ఇబ్రాహీమ్ (అ) తన సంతతి గురించి అడిగినప్పుడు, దుర్మార్గులకు తన వాగ్దానం వర్తించదని అల్లాహ్ స్పష్టం చేశాడు (అల్ బఖర: 124). అంటే వంశం ఎవరినీ కాపాడదు, ఎవరినీ ముంచదు. ఈ సూత్రం వారికెంత వర్తిస్తుందో మనకూ అంతే. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదన్నది సూరా మాయిదా (8) హెచ్చరిక. పాలస్తీనా పీడితుల పక్షాన నిలవడం న్యాయమే. కానీ పీడకుని నేరాన్ని ప్రతి యూదుని తలకూ చుట్టడం న్యాయం కాదు.

మదీనాలో ఒకసారి ఒక యూదుని జనాజా వెళుతుంటే మహాప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదునిదని సహాబాలు గుర్తుచేయగా, అతనిదీ ఒక ప్రాణమే కదా అన్న భావంలో ఆయన (స) సమాధానమిచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ సంఘటన ఒక్కటి చాలు మన కళ్లు తెరిపించడానికి. పటం గీసేవారికి యూదుడు ఒక గుర్తు. ప్రవక్త (స)కు అతనొక ప్రాణం.

ఆ కుర్రవాడికి మేము చెప్పింది

"బేటా! ఇద్దరు ఒకే లెక్క వేసినంత మాత్రాన అది నిజం కాదు, ఇద్దరూ ఒకే తప్పు చేసి ఉండవచ్చు. ప్రళయం ఎప్పుడో తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. జిబ్రయీల్ (అ) అడిగితే మన ప్రవక్త (స) కూడా తనకు తెలియదనే చెప్పారు. మరొకతను ఇదే ప్రశ్న అడిగితే, దానికోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని ఎదురు ప్రశ్న వేశారు. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా సరే, వీలైతే దాన్ని నాటమన్నారు. నీ చేతిలోని మొక్క నీ పుస్తకమే" అన్నాము. స్నేహితునితో తగవు పడవద్దనీ, ఈసా (అ) మీద తనకున్న ప్రేమను అతనికి చెప్పమనీ కూడా అన్నాము. కుర్రవాడు తలవంచుకొని కాసేపు ఆలోచించాడు. వెళ్లేటప్పుడు, "పరీక్షకు ఇంకా రెండు నెలలుంది మౌలానా, దుఆ చేయండి" అన్నాడు.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు ఫోనులో ఏ లెక్కలు వింటున్నారో ఒకసారి కనుక్కోండి. కోప్పడకండి, కూర్చోబెట్టి మాట్లాడండి. ప్రళయం గురించి భయపడమనండి. ఆ భయం వారిని నమాజు వైపు, చదువు వైపు, ఇరుగుపొరుగు హక్కుల వైపు నడిపించాలే గాని, చేతులు ముడుచుకొని కూర్చోబెట్టకూడదు.

అల్లాహ్ మనకు అగోచర విషయాల్లో వినయాన్ని, మనుషుల విషయంలో న్యాయాన్ని ప్రసాదించుగాక! బైతుల్ మఖ్దిస్ నేలపై పీడితులందరికీ విముక్తి కలిగించుగాక! ఆమీన్.