శీలమూ, రక్షకుడూ

1998లో, క్లింటన్ వ్యవహారం వీధిన పడ్డ రోజుల్లో, అమెరికాలోని సదరన్ బాప్టిస్టుల మహాసభ ఒక తీర్మానం చేసింది. నాయకుల శీలాన్ని ఉపేక్షించే సమాజం నైతికంగా మొద్దుబారుతుందని దాని సారాంశం. 2016లో, తెల్లజాతి ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లలో నూటికి సుమారు 80 మంది ట్రంపుకు వోటు వేశారు. స్త్రీలను గురించి అతనాడిన మాటలు అప్పటికే లోకమంతా విన్నది. సొంత జీవితంలో తప్పుచేసినవాడు ప్రభుత్వ విధులు నీతిగా నిర్వహించగలడని 2011లో వీరిలో నూటికి 30 మందే అన్నారు. 2016లో 72 మంది అన్నారు. ఈ అయిదేళ్లలో బైబిలు మారలేదు కదా!

దీన్ని ఒట్టి కపటమని కొట్టిపారేయడం మనబోటి వారికి సులువు. కాని గర్భస్రావం హత్యేనని మనసారా నమ్మేవారు వారిలో కోకొల్లలు. ట్రంపు నియమించిన ముగ్గురు న్యాయమూర్తుల తోడ్పాటుతో 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టివేసినప్పుడు, తమ బేరం గిట్టిందని వారు సంతోషించారు.

అయితే ఆ నమ్మకానికీ చరిత్ర ఉంది. కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు రావాలని 1971లో తీర్మానించింది ఈ బాప్టిస్టు మహాసభే. నల్లవారిని చేర్చుకోని ప్రైవేటు బడులకు పన్ను మినహాయింపు చెల్లదని కోర్టు తీర్పు చెప్పిందీ ఆ ఏడే. క్రైస్తవ మితవాద ఉద్యమం మొదట రాజుకున్నది ఈ బడుల తగాదాతోనని చరిత్రకారుడు రాండల్ బాల్మర్ వాదన. 1980లో, ఆదివారపు బడిలో పాఠాలు చెప్పే బాప్టిస్టు కార్టరును కాదని, విడాకులు పొందిన రీగన్‌ను వీరు బలపరిచారు. 2024లో దేశవ్యాప్త గర్భస్రావ నిషేధం కోరికను రిపబ్లికన్ పార్టీ తన ప్రణాళికలోంచి తీసివేసింది. అయినా వోట్లు తగ్గలేదు. ఇది బేరమే అయితే, సరుకు అందకున్నా వెల చెల్లించడమెందుకు?

అదే బైబిలు చదివే నల్లజాతి ప్రొటెస్టెంట్లు అత్యధికంగా ఎదుటి పక్షానికి వోటు వేస్తున్నారు. కనుక మూలం గ్రంథంలో దొరకదు. తమదనుకున్న దేశం చేజారుతున్నదనే భయంలో వెతకాలి. యూదులను చెర విడిపించిన పారశీక రాజు కోరెషుతో ట్రంపును పోల్చిన బోధకులున్నారు. దేవుడు అన్యుణ్ణి కూడా వాడుకుంటాడట! రక్షకుడికి శీలపరీక్ష ఉండదు, అది శత్రువుకే.

ఈ తర్కం మనకు కొత్తా? 1956లో స్టాలిన్ నేరాలను క్రుశ్చేవ్ బయటపెట్టినప్పుడు, చుట్టూ శత్రువులుండగా ఇవన్నీ లెక్కించే వేళా అన్నవారు మన శిబిరంలోనూ ఉన్నారు. వారూ నిజాయితీపరులే.