యాయీరు ఇంట ప్రభువు చేసిన వైద్యము

వాక్యభాగము: మార్కు 5 : 35–43



యాయీరు కుమార్తె కథ మన ఆదివారపు బడిపిల్లలందరికి తెలిసినదే. పండ్రెండేండ్ల చిన్నది చనిపోయెను. ప్రభువు ఆమె చెయ్యి పట్టి లేపెను. ఈ అద్భుతమును గూర్చి అనేక ప్రసంగములు విని యున్నాము. అయితే ఆయన ఆమెను లేపిన రీతిని నిదానించి చూచినవారు కొద్దిమందియే.

ఆ ఇంట ప్రభువు నాలుగు పనులు చేసెను. ఎగతాళి చేయువారిని బయటికి పంపెను. తలిదండ్రులను లోపలికి తోడుకొని పోయెను. ఆ చిన్నది ఇంటిలో వినుచు పెరిగిన భాషలోనే ఆమెను పిలిచెను. తుదకు ఆమెకు తిండి పెట్టుడని చెప్పెను. ఈ నాలుగును లేకయే ఆమెను బ్రదికించుటకు ఆయనకు శక్తి లేదా? ఉన్నది. అయినను ఆయన రోగమును మాత్రమే చూడలేదు, మనిషిని చూచెను.

ఈ పాఠమును వైద్యలోకము ఆలస్యముగా నేర్చుకొనుచున్నది. న్యూజీలాండు ఆదివాసులైన మావోరీలలో ఇరిహపెటి రామ్స్‌డెన్ అను నర్సు ఉండెను. 1980 తరువాతి సంవత్సరములలో ఆమెయు ఆమె తోటి మావోరీ నర్సులును "సాంస్కృతిక భద్రత" అను బోధను రూపించిరి. 1992లో ఆ దేశపు నర్సుల కౌన్సిలు దానిని నర్సుల చదువులో చేర్చెను. దాని సారమిది: కట్టు శుభ్రముగా కట్టితినా అని నర్సు తన్ను తాను అడుగుకొనిన చాలదు. తన జాతి నిమిత్తము, ఆచారము నిమిత్తము తాను చులకన కాకుండ క్షేమముగా ఉంటినో లేదో చెప్పవలసినవాడు రోగియే.

మొదటిది, ఎగతాళి. కెనడా దేశములో అతికమెక్ జాతికి చెందిన జాయిస్ ఎషాక్వాన్ అను స్త్రీ, ఏడుగురు బిడ్డల తల్లి, 2020 సెప్టెంబరు 28న జోలియెట్ పట్టణపు ఆసుపత్రిలో మరణించెను. ఆమె నొప్పితో కేకలు వేయుచుండగా సిబ్బంది ఆమెను దూషించిరి. ఆ మాటలను ఆమె తన ఫోనులోనే లోకమునకు వినిపించెను. జాతివివక్ష ఆమె మరణమునకు తోడ్పడెనని మరణ విచారణాధికారి 2021లో వ్రాసెను. చూడుడి, నవ్వు కూడ చంపగలదు. మందుసీసాలు నిండుగా నున్న గదిలో ఆ తల్లికి దొరకనిది ఏమి? యాయీరు ఇంట ప్రభువు అందరికంటె ముందుగా బయటికి పంపినవారిని అక్కడ పంపువారు లేకపోయిరి.

రెండవది, సొంతవారు. కెనడా ఉత్తరమున మంచుదేశములో ఇన్యుయిట్ జనులు నివసింతురు. ఒకప్పుడు వారి గర్భిణీ స్త్రీలను కాన్పునకు కొన్ని వారములు ముందుగానే విమానములో దూరపు పట్టణములకు పంపెడివారు. భర్త లేడు, తల్లి లేదు, తెలిసిన మాట లేదు. 1986లో పువిర్నిటుక్ అను ఊరిలో ప్రసూతిశాల తెరచి, ఆ ఊరి స్త్రీలకే మంత్రసాని విద్య నేర్పిరి. ప్రతి గర్భిణి సంగతిని మంత్రసానులును వైద్యులును కలిసి పరిశీలించి, అపాయమున్నవారిని దక్షిణమునకు పంపుదురు. తక్కినవారు తమ జనుల మధ్యనే కందురు. గనుక ఇది వైద్యమును విడిచిపెట్టుట కాదు. వైద్యమును యాయీరు గదిలోనికి తెచ్చుట.

మూడవదియు నాలుగవదియు, భాషయు భోజనమును. అదే దేశములో సూ లుకౌట్ అను ఊరి ఆసుపత్రిలో ఓజిబ్వే, క్రీ మొదలగు భాషల దుబాసీలున్నారు. వేటగాండ్లు ఇచ్చిన అడవి మాంసమును అక్కడ రోగులకు వండి పెట్టుదురు. జబ్బుతో నోరు చేదైనవానికి తన ఇంటి కూటి రుచి ఎంత బలమిచ్చునో మీకు వేరుగా చెప్పనేల?

అయితే కొందరు విశ్వాసులు, "అన్యాచారములను గౌరవించిన మన సాక్ష్యమునకు నష్టము కాదా?" అందురు. కెనడా సంఘములు అట్లే తలంచినవి. ప్రభుత్వముతో కూడి వసతి బడులు నడపి, ఆదివాసి పిల్లలు సొంత భాష పలుకకుండ చేసినవి. సువార్తతో పాటు తమ నాగరికతను కూడ మోపితిమని ఆ దేశపు యునైటెడ్ చర్చి 1986లో ఆ జనుల యెదుట క్షమాపణ కోరెను. ప్రభువు యాయీరు కుమార్తెను లేపుటకు ముందు ఆమె భాషను మార్పించలేదు.

ప్రియులారా, ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. మన మన్యములో దారిలేని గూడెముల నుండి గర్భిణులను నేటికిని డోలీలలో మోసికొని వచ్చుచున్నారు. కోయ, సవర, కువి మాటలు తప్ప ఎరుగని తల్లి ఆసుపత్రి గుమ్మములో తెలుగు ప్రశ్నలకు బిక్కమొగము వేయును. మురికిబట్టలని, ఆలస్యముగా వచ్చితివని మందలింపు విని మరల రాకపోయిన, ఆ తప్పు ఆమెదా? మీలో అనేకులు చీటీ కిటికీ యొద్ద "ఏయ్, అక్కడ నిలబడు" అను మాట వినినవారే. ఆ మాట ఎంత నొచ్చునో ఎరిగినవారు దానిని మరియొకరితో పలుకకుందురు గాక.

మన సంఘముల బిడ్డలలో నర్సులు, ఆశా కార్యకర్తలు, కాంపౌండర్లు అనేకులున్నారు. వారికి నా మనవి: కొండ నుండి వచ్చిన అవ్వను "రామ్మా, కూర్చో" అని పిలువుడి. ఆమె మనుష్యులలో ఒకరిని దగ్గర నుండనియ్యుడి. మాట తెలిసినవారిని పిలిపించుడి. బట్ట తొలగించుటకు ముందు అనుమతి అడుగుడి. పసరు వాడెనని తెలిసిన నవ్వక, ఏ పసరో అడిగి తెలిసికొనుడి. నవ్వినయెడల మరుసారి దాచిపెట్టును, దాచిన సంగతి అపాయము తెచ్చును. నియమములు వ్రాయు అధికారములో ఉన్నవారు, వ్రాయుటకు ముందే గూడెపు పెద్దలను, మంత్రసానులను పిలిచి సమముగా కూర్చుండబెట్టుకొనుడి. బర్తిమయి గ్రుడ్డివాడని అందరికి కనబడుచున్నను, నీకేమి కావలెనని ప్రభువు వానినే అడిగెను గదా (మార్కు 10 : 51).

ప్రార్థన: పరమ వైద్యుడవైన ప్రభువా, మా నోటి నుండి ఎగతాళిని తొలగించుము. మా ఆసుపత్రుల గుమ్మములలో బెదరి నిలిచిన వారికి మా ద్వారా నీ మెల్లని స్వరము వినిపించుము. ఆమేన్.