జగత్తు శివునకు భిన్నమా? అభిన్నమా?



కొన్ని వత్సరముల క్రిందట మా యూరి శివానుభవగోష్ఠిలో మాయావాదమును గూర్చి ప్రసంగము సాగుచుండగా, పుత్రశోకముననున్న ఒక తల్లి లేచి, "అయ్యా! లోకము మిథ్యయే యైనచో నా బిడ్డయు మిథ్యయేనా? నా దుఃఖమును మిథ్యయేనా?" అని యడిగినది. సభ నిశ్శబ్దమయ్యెను. ఏండ్ల తరబడి పిల్లలకు పాఠములు చెప్పిన నాకు ఆనాడు సమాధానము తోపలేదు. ఆ ప్రశ్నయే నన్ను మరల గ్రంథముల చెంతకు చేర్చినది.

ఈశ్వరునకును జగత్తునకును గల సంబంధమును మన దార్శనికులు పలువిధముల నిరూపించిరి. నైయాయికులకు ఈశ్వరుడు నిమిత్తకారణము మాత్రమే. కుమ్మరి మట్టితో కుండను చేసినట్లు ఆయన నిత్యములగు పరమాణువులను కూర్చి జగత్తును నిర్మించును. కుండ యుండును గాని కుండలో కుమ్మరి యుండడు. శంకర భగవత్పాదులు త్రాటియందు పాము తోచినట్లు బ్రహ్మమునందు జగత్తు తోచుచున్నదనిరి. అయినను వ్యవహారదశయందు వారును దానిని లేదనలేదు. బ్రహ్మజ్ఞానము కలిగినపుడే అది బాధితమగునని వారి సిద్ధాంతము. రామానుజాచార్యులు చిదచిత్తులు ఈశ్వరునకు శరీరమనిరి. మధ్వాచార్యులు హరి స్వతంత్రుడనియు, జగత్తు పరతంత్రమనియు, పంచభేదములు సత్యములనియు బోధించిరి.

మన వీరశైవమతము శక్తివిశిష్టాద్వైతము. శ్రీపతి పండితులు బ్రహ్మసూత్రములకు శ్రీకరభాష్యమును రచించి దీనిని స్థాపించిరి. శివుడే నిమిత్తకారణము, శివుడే ఉపాదానకారణము. అగ్నిని వేడిమి వీడనట్లు శివుని శక్తి వీడదు. ఆ శక్తి వికసించుటయే సృష్టి, సంకోచించుటయే లయము. తాబేలు తన యవయవములను వెలికి చాచును, మరల లోనికి ముడుచుకొనును. చాచినపుడు క్రొత్తది పుట్టలేదు; ముడుచుకొన్నపుడు ఉన్నది నశింపలేదు. కావున జగత్తు సత్యము.

మరి శివమయమైన లోకమున మనకు శివుడేల కానరాడు? ఆణవ, మాయీయ, కార్మికములను మలత్రయము కప్పుటచేత. అందులకే శ్రీగురువు వేధా, మంత్ర, క్రియా దీక్షలచే ఆ మలములను పోగొట్టి, ఇష్టలింగమును కరతలమున నుంచుచున్నాడు. షట్స్థలశాస్త్రమున నొక రహస్యమున్నది. లింగమునందలి శక్తికి కళయని పేరు. అంగమునందలి శక్తికి భక్తియని పేరు. రెండును ఒక్క శక్తియే. శివుని నుండి వెలువడినదే జీవునియందు భక్తియై తిరిగి శివుని చేరుచున్నది. ఆ చేరికయే లింగాంగసామరస్యము.

ఇది వట్టి తర్కము కాదు. లోకము కలయైనచో దాసోహము ఎవ్వరికి? ఈశ్వరుడు లోకమునకు వెలియైనచో కాయకము పూజ యెట్లగును? 12వ శతాబ్దమున కల్యాణపురమున బిజ్జలుని భాండాగారికుడైన బసవేశ్వరుడు అడవికి పోలేదు. లెక్కలు వ్రాయుచునే శివుని గొలిచెను. పొలము దున్నువాని నాగలియు, నేయువాని మగ్గమును శివశక్తి వికాసములోనివే.

తరువాత నే నా తల్లితో నిట్లంటిని: "అమ్మా! నీ బిడ్డ మిథ్య కాడు. శివునియందు పుట్టినవాడు శివునియందే యున్నాడు. నీ ప్రేమయు సత్యమే. దానికి దారి చూపుము." ఆమె కన్నీరు ఆగినదని చెప్పజాలను. కాని ఆ యేటి శివరాత్రి పారణనాడు మఠమున పంక్తిలో కూర్చున్న పసివారికి ఆమెయే స్వయముగా వడ్డించుచుండగా చూచితిని. నాకు గ్రంథములు చెప్పిన యర్థము ఆమె చేతిలో కానవచ్చినది.