సాకు

మన పావగడలో 'సాకు' అనే మాటకు రెండు దారులు. కన్నడంలో అయితే 'చాలు' అని. తెలుగులో అయితే తప్పించుకోవడానికి చెప్పే నెపం. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాష మాట్లాడే మనకు ఏ సాకు ఏదో ఇట్టే తెలిసిపోతుందనుకుంటాం. ఈమధ్య నాకు తెలియలేదు.

డి.వి.జి. గారి 'మంకుతిమ్మన కగ్గ'ను ఆటవెలదుల్లో తెలుగు చేయాలని 1997లో మొదలుపెట్టాను. 1943లో వెలువడిన ఆ పుస్తకంలో 945 పద్యాలు. హైస్కూల్లో నాకు కన్నడం చెప్పిన అయ్యవారు తన ప్రతి చేతికిచ్చి, "పూర్తి చేసి తెచ్చియ్యప్పా" అన్నారు. ఆయన పోయి పదకొండేళ్లు. నా లెక్క 612 దగ్గర ఉంది.

తీరిక లేక ఆపానంటే అబద్ధం. నేను వరుసగా చేయను, మనసుకు పట్టిన పద్యం చేస్తాను. పోయిన వేసవిలో ఒకటి రాసి, ఎందుకో పాత నోటుబుక్కులు తిరగేస్తే, అదే పద్యం పదహారేళ్ల కిందటే చేసి ఉంది! మరిచిపోయాను. పైగా పాతదే మేలు. కొత్తదానిలో యతి కుదిరింది, మాట కుదరలేదు. 613 అనుకున్న లెక్క అలా 612 అయింది. కొన్నేళ్లుగా నేను కగ్గ చదవడం లేదు, గణాలు లెక్కపెడుతున్నాను. నెలకు నాలుగు పద్యాలు, కంతు కట్టినట్టు.

ఇకముందు ఖర్చు పెట్టాలా వద్దా అని తేల్చేటప్పుడు, ఇంతవరకు పెట్టినదాన్ని లెక్కలోకి తీసుకోరాదని బి.కాం.లో చెప్పారు. మూడు బోర్లు ఎండిపోయి నాలుగోదానికి అప్పు అడగవచ్చిన రైతులకు ఆ సూత్రమే చెప్పేవాణ్ణి. నాకు నేను చెప్పుకోవడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

అయితే ఆ సూత్రం సొంత డబ్బుకే సరి. ఇక్కడ మాట ఇచ్చి ఉన్నాను. బాకీని బ్యాంకు రైటాఫ్ చేసినంత మాత్రాన అప్పు తీరిపోదు. అది మా పుస్తకాల సర్దుబాటు. తీసుకున్నవాడు ఇంకా బాకీదారే. మాఫీ వేరు, అది ఇచ్చినవాడు చేయాలి. అయ్యవారు లేరు. ఆయనకు కావలసింది లెక్క కాదు, నేను ఆ పుస్తకంతో కొన్నాళ్లు బతకడమే అని సర్దిచెప్పుకోవచ్చు. పోయినవాళ్ల నోట మనకు అనుకూలమైన మాట పెట్టడం ఎంత సులభం!

నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగింది. కుమారవ్యాసుడు గదాపర్వంతో ముగించాడు. మిగతాది కృష్ణదేవరాయల కాలంలో తిమ్మణ్ణ కవి చేశాడు. వాళ్లను ఎగవేతదారులని ఎవరూ అనలేదు. పోలిక నాకు మరీ పెద్దదని తెలుసు. ఎవరో వచ్చి మిగతా 333 పూర్తి చేస్తారనుకోవడం కూడా తెలుగు సాకే.

మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. "కగ్గ కన్నడంలోనే నాకు అర్థమవుతుంది కదా నాన్నా" అనింది. అది కారణమైతే ఈ పత్రిక కూడా ఎప్పుడో ఆగాలి.

తిరుమణి చుట్టుపక్కల దాదాపు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2019 చివరికి 2,050 మెగావాట్లు. మొదట్లో ఎకరాకు ఏటా 21 వేల రూపాయల బాడిగ. భూమి ఇచ్చిన రైతు ఒకాయన మా కౌంటరు దగ్గర, "సేద్యం మేము ఇడిసిపెట్టలేదు సార్, వానే మమ్మల్ని ఇడిసిపెట్టింది" అన్నాడు. ఆయన అనవచ్చు. నేను అనలేను. నన్నేదీ విడిచిపెట్టలేదు. కగ్గ అక్కడే ఉంది, కళ్లూ బాగున్నాయి. నేనే ఆపాను. ఆ మాట నా పేరునే ఉండనీ.

క్యాషియరు సాయంత్రం గీసినట్టు 612వ పద్యం కింద రెండు గీతలు గీసి, తేదీ వేశాను. పోయిన ఆదివారం పుస్తకం అయ్యవారింట్లో ఇచ్చివచ్చాను. తలుపు తీసిన మనుమడు, "ముగీతా అంకల్?" అన్నాడు.

"ముగిదిల్లప్పా, నిల్లిసిద్దీని" అన్నాను.