నాలుగో వంతు భోగం

నేను పురోహితుణ్ని. భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ మండలాల్లో బారసాల నుంచి పెద్దకర్మ దాకా పిలిచినవాళ్ల ఇంటికల్లా వెళ్తాను. ముహూర్తాలు అడగడం పాత అలవాటే. కొన్నేళ్లుగా ముహూర్తంతో పాటు ఒక ధర్మసందేహం కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో వంక పెట్టి అడుగుతారు. ఒక ఇల్లాలు మాత్రం సూటిగానే అడిగింది: "పంతులుగోరూ, బూమి డబ్బుల్తోటి ఏసీ ఎట్టించుకున్నాం. సల్లగుంటే నిద్దరట్టాల గదా, నాకట్టట్లేదు. పాపమేటైనా తగుల్తాదేటి?"

శాస్త్రంలో ఏసీ ప్రస్తావన ఎక్కడా లేదు. ఆవిడ అడిగిన అసలు సంగతి మాత్రం ఉంది. ఒక్కసారిగా వచ్చిపడిన సొమ్ముని ఒంటి సుఖానికి వాడుకోవచ్చా? వాడుకుంటే ఎంత? అంతకన్నా ముందు, ఆ సొమ్ము ఎవరిది?

ఈ తీరంలో విమానాశ్రయం మాట 2015లో గట్టిగా వినబడింది. మొదట పదిహేను వేల ఎకరాలన్నారు. రైతులు తిరగబడ్డారు, కోర్టులకెక్కారు. తగ్గుతూ తగ్గుతూ లెక్క రెండువేల పైచిలుకుకి దిగింది. 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకి ఊళ్లే లేచి కొత్త కాలనీలకి పోయాయి. జీడితోటలు, కొబ్బరి, సరుగుడు, ఇసుక నేలలు, అన్నీ గోడ లోపలికి వెళ్లాయి. ఇష్టపడి ధర ఒప్పుకున్నవాళ్లున్నారు, ఏడుస్తూ సంతకం పెట్టినవాళ్లున్నారు. నేల పోనివాళ్లకి కూడా హైవే పక్కన ధరలు పెరిగి, లేఅవుట్లవాళ్లు ఇంటికొచ్చి అడ్వాన్సులిచ్చారు.

ఆ తర్వాత నాకు చేతినిండా పని. వాహన పూజలకైతే ఊపిరాడలేదు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు స్వస్తికం, ముందు గుమ్మడికాయ. బుల్లెట్లు, కార్లు, నడిపేవాడు కుదరక పందిట్లోనే గుడ్డ కప్పుకుని నిలబడ్డ కార్లు కూడా. గృహప్రవేశాలు మరో వింత. నేలంతా గ్రానైటు పరిస్తే ఆవు గిట్టలు జారిపోతాయి. గుమ్మం నుంచి దేవుడి గది దాకా గోనెసంచులు పరిపించి నడిపిస్తాను. ఆ ఆవు కూడా అద్దెకి ఆటోలో వస్తుంది. శాలలు పోయాయి మరి. చిమ్నీ ఉన్న వంటింట్లో పాలు పొంగించడానికి రేకు వేసి, దాని మీద మూడు ఇటుకలు పేర్చి, పిడకలు వెలిగిస్తాం. పొగకి చిమ్నీ వెయ్యమని పిల్లలంటారు, పొగ ఇల్లంతా తిరగాలని ముసలమ్మలంటారు. వడ్డాణాలు, రెండు తలుపుల ఫ్రిజ్‌లు, గోడంత టీవీలు, మనవరాలి ఓణీల ఫంక్షనుకి డ్రోను కెమెరా. వీటన్నిటికీ నేను సాక్షిని. దక్షిణ పుచ్చుకున్న సాక్షిని.

విజయనగరం వెళ్తే జనం ఈ కొనుగోళ్ల గురించి నవ్వుతూ మాట్లాడుకుంటారు. "డబ్బు చేసింది, నడమంత్రపు సిరి" అంటారు. అనేవాళ్లలో ఎక్కువమంది నెల జీతమో పింఛనో ఉన్నవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఏసీలు ముందునుంచే ఉన్నాయి. ఊరివాడు కొంటేనే అది దుబారా అయింది.

అదే నోటితో కోట గురించి చెప్పమనండి, గర్వంగా చెబుతారు. విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ' 1930లో ఎం.సి.సి. జట్టు మన దేశానికి రావడం మానుకుంటే, ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌ని, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ని రప్పించి తన జట్టులో ఆడించుకుంటూ దేశమంతా, సిలోను దాకా తిప్పారు. 1936లో భారత జట్టుకి నాయకుడై ఇంగ్లండు వెళ్లారు. ఆ సరదాకి ఎన్ని గ్రామాల శిస్తు పట్టిందో ఎవరూ అడగరు. దాన్ని వైభవం అంటాం. ఆ శిస్తు కట్టిన రైతు మునిమనవడు బుల్లెట్ కొంటే నడమంత్రపు సిరి అంటాం. ఈ రెండు కొలతలూ ఒకే చేతిలో ఉండడం ధర్మం కాదు. అందుకని భోగం తప్పా ఒప్పా అనే ప్రశ్నని ఈ వెక్కిరింతల నుంచి ముందు విడదీయాలి.

ఉత్తినే వచ్చిన సొమ్ము అనడమూ పూర్తిగా నిజం కాదు. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం పల్లెల్లో మార్కెట్ విలువని రెండింతల దాకా పెంచి, చెట్లకీ కట్టడాలకీ ధర కట్టి, ఆ మొత్తం మీద మళ్లీ నూటికి నూరు శాతం సొలేషియం కలపాలి. బలవంతాన తీసుకున్నందుకు ఇచ్చే ఓదార్పు సొమ్ము అది. 1894 నాటి పాత చట్టంలో అది చివరికి 30 శాతానికి చేరి ఆగింది. కొత్త లెక్కలో వడ్డీ పక్కన పెడితే చేతికి అందే ప్రతి రూపాయిలో అర్ధరూపాయి నేల ఖరీదు, అర్ధరూపాయి కడుపుకోత ఖరీదు. అలాంటి డబ్బుతో కొన్న చల్లదనంలో నిద్ర పట్టకపోవడం పాపం వల్ల కాకపోవచ్చు. తోట పోయిన దిగులుకి ఆవిడ పాపం అని పేరు పెట్టుకుందేమో.

ఇక శాస్త్రం. ధనానికి దారులు మూడని భర్తృహరి తేల్చాడు: దానం, భోగం, నాశం. ఇవ్వనివాడి, అనుభవించనివాడి సొమ్ము మూడో దారి పడుతుందన్నాడు. ఇందులో జనం దానాన్నీ నాశాన్నీ గుర్తుపెట్టుకుని భోగాన్ని మర్చిపోతారు. ఆయన భోగాన్ని దానం పక్కనే కూర్చోబెట్టాడు, నాశం పక్కన కాదు. మూడో దారి చూడాలంటే మన విజయనగరంలోనే పుట్టిన 'కన్యాశుల్కం' చాలు. లుబ్ధావధాన్లు దాచి దాచి భయంతో బతికాడు. అగ్నిహోత్రావధాన్లు కోర్టు వ్యాజ్యాల మోజులో ఇల్లు గుల్ల చేసుకున్నాడు. ఇద్దరూ డబ్బు మనుషులే. ఇద్దరికీ డబ్బు వల్ల ఒక్కపూట సుఖం దక్కలేదు.

ఎంత అనుభవించాలి అన్నదానికి అంకె చెప్పిన మాట మాత్రం నాకు వైదిక గ్రంథాల బయట దొరికింది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార దక్షిణపు గట్టున సాలిహుండం కొండ ఉంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడి బౌద్ధ శిథిలాలని గుర్తించి లోకానికి చెప్పారు. కళింగపట్నం రేవు దగ్గరే. ఓడల మీద ఒక్క సరుకుతో దశ తిరిగిన వర్తకులు ఆ కొండ దారినే నడిచి ఉంటారు. అలాంటివాళ్లకి పనికొచ్చే బోధ, బుద్ధుడు సిగాలుడనే గృహస్థుకి చేసినది, దీఘనికాయంలో ఉంది. ఆ కుర్రవాడు రోజూ తడిబట్టలతో ఆరు దిక్కులకి మొక్కేవాడు. సొమ్ముని నాలుగు భాగాలు చెయ్యమని బుద్ధుడు అతనికి చెప్పాడు: ఒక భాగం అనుభవించడానికి, రెండు భాగాలు వృత్తి వ్యాపారాలకి, నాలుగో భాగం ఆపదకి. సన్యాసుల గురువు సంసారికి చెప్పిన మొదటి వాటా భోగానిది. ఆ బోధలోనే ఇంకో మాట ఉంది. ఆరు దిక్కులంటే ఆరు రకాల మనుషులన్నాడు. తూర్పు తల్లిదండ్రులైతే, కింది దిక్కు పనివాళ్లు. వాళ్లకి కూడూ కూలీ ఇవ్వాలి, రోగమొస్తే చూసుకోవాలి, ఇంట్లో అరుదైన రుచులు వండినప్పుడు వాళ్లకీ పంచాలి.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. కూలీ ఇవ్వమని అందరూ చెబుతారు. రుచులు పంచమనడం వేరు. నీ భోగంలో వాటా పెట్టమనడం అది.

మా వైపు గ్రంథం కూడా అక్కడికే చేరుతుంది. మనిషి అప్పులతో పుడతాడని శతపథ బ్రాహ్మణం చెబుతుంది: దేవతలకి, ఋషులకి, పితరులకి, మనుషులకి. మొదటి మూడూ అందరికీ తెలుసు. నాలుగోది ఉందనే చాలామంది ఎరగరు. నేను చూసినంతలో, సొమ్ము చేతికందగానే దేవఋణం ఘనంగా తీర్చారు. కొత్త కాలనీలో అమ్మవారికి గుడి లేపారు, గాలిగోపురానికి రంగులేయించారు, పండగకి రెండు జిల్లాల నుంచి డప్పులు తెప్పించారు. పితృఋణమూ తీర్చారు, శ్రీకూర్మం వెళ్లి పుష్కరిణి దగ్గర కర్మలు చేయించారు. ఋషిఋణం అంటే చదువు. దానికి ఈ గడ్డ మీదే ఒక ఉదాహరణ ఉంది. 1948 చట్టంతో జమీందారీలు పోయి, నేల సర్కారుపరమై, పరిహారం రాసిచ్చిన కాలం వచ్చింది. జమీందారు కూడా నిర్వాసితుడైన కాలమన్నమాట. విజయనగరం వంశపు పి.వి.జి. రాజుగారు 1958లో మాన్సాస్ సంస్థ పెట్టి కోటనే చదువులకి అప్పగించారు. భోగానికి మారుపేరైన ఇంట్లోంచే ఆ పని జరిగింది.

మనుష్యఋణం దగ్గరికొచ్చేసరికి చేతులు ముడుచుకుపోయాయి.

పట్టా ఉన్నవాడి పేరు మీద చెక్కు వచ్చింది. ఆ ఇసుకలో కుండలతో నీళ్లు మోసి జీడిమొక్క బతికించినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. సేకరణకి మూడేళ్ల ముందునుంచి ఆ నేల మీదే బతికే కూలీలు, కౌలుదార్లు కూడా నష్టపోయిన కుటుంబాలేనని చట్టం నిర్వచనంలో ఉంది. చట్టంలో ఉన్నది ఊళ్లోకి దిగేసరికి చిక్కిపోతుంది. ఒక గృహప్రవేశంలో భోజనాల వేళ ఒక ముసలాయన పందిరి బయటే నిలబడ్డాడు. ఇంటాయన తండ్రి కాలం నుంచీ ఆ తోట కాపలా ఆయనదే. లోపలికి రమ్మంటే, "ఒద్దు బావూ, కాళ్లు మట్టిగున్నాయి, నేల మాసిపోద్ది" అన్నాడు. ఆ నేల ఆయన కాపాడిన తోటే. గ్రానైటుగా మారింది, అంతే.

రెండో అప్పు ఇంటి ఆడపడుచులది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. దేశానికంతటికీ 2005లో వచ్చింది. ఎకరం వేలల్లో ఉన్నన్నాళ్లూ ఆ హక్కుని ఎవరూ తలవలేదు. లక్షలయ్యాక అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ల సంతకాలు అవసరమయ్యాయి. అప్పలకి కబురెళ్లింది, చీరలొచ్చాయి. "పసుపు కుంకానికి పాతికేసి వేలిచ్చినాం పంతులుగోరూ" అని ఒకాయన నాతో ఎంతో తృప్తిగా చెప్పాడు. ఆ పూట నేను సంకల్పం చెప్పించింది ఆయన కొన్న కారుకి. దాని ఖరీదులో పాతికవేలు ఎన్నో వంతో ఆయన లెక్కవెయ్యలేదు.

ఇదంతా చూశాక నాకు తేలిందొకటి. భోగంలో దోషం లేదు. వాటాలు వెయ్యకుండా కూర్చున్న భోగంలో ఉంది. వాటాలు వేసినప్పుడు ప్రతి వాటాకీ గట్టు ఉంటుంది. భోగం తన మడిలోనే పారుతుంది. గట్లు లేనప్పుడు ముందు మడిలో నీళ్లన్నీ నిలిచిపోయి కింది మళ్లు ఎండుతాయి. ఏసీ పెట్టించుకున్న ఇల్లాలిని నేను అడిగింది ఒక్కటే: "ఆడపడుచులకి, కూలోళ్లకి ఏటిచ్చారమ్మా?" ఆవిడ కాసేపు చీర కొంగు మడతలు చూసుకుని, "ఇమ్మని మా ఆయనకి మీరే సెప్పండి" అంది. చెప్పాను. ఆయన ఇచ్చాడా లేదా అన్నది నేను చెప్పుకోవాల్సిన సంగతి కాదు.

నన్ను కూడా ఎవరైనా అడగొచ్చు, నీ దక్షిణ మాటేమిటని. పుచ్చుకోవడంలో దోషం ఉందని ధర్మశాస్త్రాలే పుచ్చుకునేవాణ్ని హెచ్చరించాయి. ఇచ్చేవాడి లెక్కలో తేడా ఉంటే అది తీసుకున్నవాడి చేతికీ అంటుతుందని. అందుకే ఇప్పుడు వాహన పూజకి పిలిచినా, గృహప్రవేశానికి పిలిచినా, సామాన్ల జాబితాతో పాటు రెండు ప్రశ్నలు పంపిస్తాను. అప్పచెల్లెళ్లని పిలిచారా? తోటలో పనిచేసినవాళ్లు ఏ బంతిలో కూర్చుంటారు? కొందరు వేరే పంతుల్ని చూసుకున్నారు. కొందరు ఆ ముసలివాళ్లని మొదటి బంతిలో, ఇంటివాళ్ల పక్కన కూర్చోబెట్టారు. అక్కడ వడ్డించిన బొబ్బట్టు శాస్త్రానికి చాలా దగ్గరగా ఉందని నా నమ్మకం.

ఇంకో రకం మనుషులున్నారు, వాళ్ల గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తవదు. వచ్చిందంతా బ్యాంకులో వేసి, పాస్‌బుక్కుని దేవుడి పటం వెనక దాచి, మందులు కొనడానికి కూడా వడ్డీ పడే రోజు కోసం చూసేవాళ్లు. జనం వాళ్లని బుద్ధిమంతులంటారు. నేననలేను. జీవితమంతా పరాయి తోటల గాలికి చెమటార్చుకున్న మనిషికి తన వంతు చల్లదనం తనకి రావాలి. అప్పచెల్లెళ్లకి ఇచ్చి, పనివాళ్లకి ఇచ్చి, పిల్లల చదువుకీ ఆపదకీ తీసి పెట్టాక మిగిలిన నాలుగో వంతుని ఖర్చుపెట్టడానికి భయపడితే అదీ అప్పు ఎగ్గొట్టడమే, తన ఒంటికి తాను పడిన అప్పు. ఆ వంతుతో కాశీకి విమానంలోనే వెళ్లండి, వడ్డాణమే చేయించుకోండి, ఎవరి నవ్వుకీ తల వంచుకోనక్కర్లేదు. వాటాలు వేసినవాడి భోగం కూడా ధర్మంలో భాగమే.