పాత ఫోను మార్చాలా? ధమ్మం ఏమంటుంది?



దసరా వచ్చిందంటే మన శ్రీరాంపూర్‌లో మూడూ కలిసే వస్తయి. సింగరేణి లాభాల వాటా వస్తది. సెల్‌ఫోను షాపుల ఆఫర్లు వస్తయి. 1956 అక్టోబర్ 14న, అశోక విజయదశమి నాడు, బాబాసాహెబ్ నాగపూర్‌లో ధమ్మదీక్ష తీసుకున్న రోజూ వస్తది. అప్పుడే కొందరికి ఒక సందేహం పుడుతుంది: "ఫోను పాతదైంది, గ్లాసు పగిలింది. అయినా కొత్తది కొనడానికి మనసొప్పుతలేదు. ఇది సంయమమా, పిసినారితనమా?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు.

పాత వస్తువుతో సరిపెట్టుకొమ్మని మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. చండాలులు శవాల మీది బట్టలే కట్టాలని, పగిలిన పాత్రల్లోనే తినాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. 1927 డిసెంబర్‌లో మహద్‌లో ఆ గ్రంథాన్ని తగలబెట్టించిన బాబాసాహెబ్, అంటరానివాళ్లని గుర్తుపట్టించే కట్టును, నగలను వదిలేయమని మన ఆడబిడ్డలకు చెప్పారు. కాబట్టి మనోడి చేతిలో మంచి ఫోను చూసి "వీడికెందుకిది?" అని ఎవడైనా అంటే, అది ధమ్మం మాట కాదు, కులం మాట.

అయితే మనకు అంటగట్టిన పాత వేరు, మనం ఎంచుకుని వాడుకునే పాత వేరు. వినయ పిటకంలో ఒక కథ ఉంది. కౌశాంబిలో ఉదయన మహారాజు రాణులు ఆనందునికి 500 వస్త్రాలు దానమిచ్చారు. ఇన్నెందుకని రాజు అడిగాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి పాతవి? దుప్పట్లు చేస్తాం. అవీ పాతబడితే? పరుపు గలీబులు, ఆ తర్వాత నేల మీద పరుచుకునేవి, కాళ్లు తుడుచుకునేవి, దుమ్ము దులిపేవి. చివరికి పీలికలు చేసి, మట్టిలో కలిపి నేల అలుకుతాం అన్నాడు. రాజు సంతోషించి మరో 500 ఇచ్చాడు. కొత్తవి తీసుకోవడం అక్కడ తప్పు కాలేదు. కొత్తది అవసరమున్నవారికి చేరింది, పాతది వృథా కాలేదు.

భూమిలోంచి ఒక వస్తువు తీయడానికి ఎంత చెమట కావాలో బొగ్గుబాయి కార్మికులకు చెప్పాలా? చాలా ఫోన్ల బ్యాటరీల్లో కోబాల్ట్ ఉంటది. ప్రపంచ కోబాల్ట్‌లో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో నుంచే వస్తది. అక్కడ చిన్నపిల్లలు కూడా ఆ పనిలో ఉన్నారని 2016లో అమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టింది. మనం ఫోను రెండేళ్లు ఎక్కువ వాడినంత మాత్రాన ఆ పిల్లలు బడికి పోరు, నిజమే. కానీ మన కొనుగోలుకు, వాళ్ల కష్టానికి లంకె ఉందని తెలిసి నడుచుకోవడం సమ్యక్ దృష్టిలో భాగం.

కాబట్టి షాపుకు పోయే ముందు మనసును అడగండి. ఫోను పని ఆగిపోయిందా? బిడ్డ చదువుకు, డ్యూటీ పిలుపుకు, ముసలి తల్లి దవాఖాన అవసరానికి అడ్డమైతే వెంటనే కొనండి. అక్కడ వెనుకాడితే బాధ పడేది ఇంట్లోవాళ్లు. ఒంటిని మాడ్చుకునే దారిని బుద్ధుడు కూడా వదిలేశాడు. బ్యాటరీయో గ్లాసో మారిస్తే నడుస్తదా? అయితే ముందు రిపేరు చేయించండి. ఫంక్షన్‌లో పదిమంది ముందు జేబులోంచి తీయడానికి సిగ్గనిపించి కొంటున్నారా? ఆ సిగ్గు కొత్త ఫోనుతో పోదు. ఇంకో మోడల్ రాగానే మళ్లీ వస్తది. తృష్ణ అంటే అదే.

అవసరముండీ, పైసలుండీ కొనకుండా, "నేనెంత సాదాగా బతుకుతున్ననో చూడండి" అని చెప్పుకోవడం కూడా పట్టుకుని వేలాడటమే. ఒకరు కొత్తదాన్ని పట్టుకుంటే, ఇంకొకరు పాతదాన్ని పట్టుకుంటారు.

ఇంకో మాట. 2024లో కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి లాభాల్లోంచి 5,000 రూపాయలు ఇచ్చారు. పర్మనెంటు కార్మికునికి అందింది సగటున లక్షా తొంభై వేలు. ఒకే షాపులో ఒకే ఫోను ఈ ఇద్దరికీ ఒకే బరువు కాదు. పక్కింటివాళ్లను చూసి కిస్తీల్లో పడకండి. మీరు కొత్తది కొంటే, నడిచే పాతదాన్ని పెట్టెలో దాచకుండా చదువుకునే పిల్లకో పిల్లోడికో ఇవ్వండి.

నమో బుద్ధాయ. జై భీమ్.